వీధి వేషములను చదువుట

పుస్తకమును చదువుట పాఠశాలలో నేర్పుదుము. మనుష్యుడు తొడిగిన వస్త్రమును చదువుట యెవరును నేర్పరు. తెల్లాపూరు బాలబాలికలకు ఈ రెండవ విద్యయు మిక్కిలి యవసరమని మాకు తోచినది. ఏలయన, వీరి యిండ్ల ముంగిట ఆకాశమునంటు భవనములు లేచుచున్నవి. వానిలో కాపురముండువారి దుస్తులును, వానిని కట్టువారి దుస్తులును ప్రతి ఉదయమును ఒకే బాటపై ఎదురుపడుచుండును. నడుమ నిలిచిన పిల్లవాడు ఒకదానిని చూచి యాశపడును, రెండవదానిని చూచి తలవంచుకొనును.

కావున గత శీతకాలమున ఒక శనివారమునాడు తొమ్మిదవ తరగతి వారిని వెంటబెట్టుకొని, లింగంపల్లిలో రైలెక్కి, నాంపల్లిలో దిగి, చార్మినారు చేరితిమి. ప్రతివారి చేతను ఒక నోటుపుస్తకము. నియమ మొక్కటే: బాగున్నదనిగాని బాగులేదనిగాని వ్రాయరాదు. ఎవరు ఏమి తొడిగిరో, ఎందుకట్లు తొడిగిరో వ్రాయవలెను.

మొదట లాడ్ బజారు. ఇచ్చటి లక్క గాజులకు 2024వ సంవత్సరమున భౌగోళిక గుర్తింపు లభించినది. నిప్పుల సెగపై లక్కను మెత్తబరచి, కడ్డీగా సాగదీసి, వలయముగా వంచి, వేడి చల్లారకముందే అద్దపు రవ్వలను ఒక్కొక్కటిగ నొక్కి పొదుగుదురు. ఆలస్యమైన రవ్వ నిలువదు. ఇంత తళుకును చేయువాడు మాత్రము సాదా బనియనుతో కూర్చుండి యుండెను. "సెగకు చొక్కా యోర్వలేక" అని ఒక బాలుడు వ్రాసికొనెను. ఆనాటి మొదటి మంచి వాక్యము అదియే.

పత్థర్‌గట్టిలో పెండ్లి షేర్వానీలు వ్రేలాడుచుండెను. మెడవరకు బొత్తాములుగల ఈ పొడుగు కోటు ఒకప్పుడు హైదరాబాదున పెండ్లికే గాక పనికిని తొడుగు దుస్తు. 1918లో స్థాపింపబడిన ఉస్మానియా విశ్వవిద్యాలయపు విద్యార్థులు దీనిని తొడిగిన పాత ఛాయాచిత్రములు నేటికిని కానవచ్చును. దానితోడిదే కుచ్చుగల యెఱ్ఱని రూమీ టోపీ. రూమీ యనగా తురుష్క దేశపుది. ఆ దేశమే 1925లో ఆ టోపీని శాసనముచే నిషేధింపగా, మన నగర వీధులలో అది పిమ్మట అనేక వత్సరములు నిలిచినది. 1937లో టైము పత్రిక ముఖపత్రముపై లోకమున కెల్ల ధనికుడని ముద్రింపబడిన యేడవ నిజాము, పాతబడిన టోపీతోను సామాన్యపు షేర్వానీతోను తిరుగుటకు ప్రసిద్ధుడు. అది పిసినారితనమో, నిర్లక్ష్యమో పెద్దలు నేటికిని వాదింతురు. ఏదియైనను ఆ వేషము ఆయనదే, ఎరువు తెచ్చుకొన్నది కాదు.

మధ్యాహ్నము ఆబిడ్సునకు వచ్చితిమి. అచ్చట కళాశాల బాలికలు కొందరు, పురుషుల చొక్కాలవలె మిక్కిలి వదులైన చొక్కాలు తొడిగి, చేతులు మోచేతివరకు మడిచి, నవ్వుకొనుచు పోవుచుండిరి. మా పిల్లలు ఆశ్చర్యముతో చూచిరి. వెనుకనుండి ఒక బాలిక మెల్లగా ననెను: "సార్, మా అమ్మ గూడ గిట్లనే అంగీ తొడుగుతది."

మేము ఉలికిపడితిమి. దానికి కారణము కలదు. ఆ యేడు వర్షాకాలమున, చీరపై మగవాని అంగీ తొడిగిన యొక స్త్రీ మా గుమ్మమునొద్ద నిలిచినప్పుడు, కూలిపని వెదకికొనుచు వచ్చినదనుకొని, పేరైనను అడుగక బయట నిలువుమంటిమి. ఆమె బిడ్డను చూడవచ్చిన తల్లి. అరగంట వానలో నిలిచినది. ఆ బిడ్డయే యీ బాలిక. అంగీని చూచితిమి, చదువలేదు.

లోకమున పెద్ద నగరముల వేషములు పెక్కు పనివాని మేనినుండియే వచ్చినవి. నేడు బాలురందరు కోరు జీన్సు, 1873లో జేకబ్ డేవిస్ అను దర్జీయు లెవీ స్ట్రాస్ అను వర్తకుడును హక్కు పొందిన పనివారి లాగు. బరువులకు జేబులు చినుగుచుండగా మూలలలో రాగి రివెట్లు కొట్టిరి. చినుగకుండుటకై పుట్టిన లాగును నేడు చించి యమ్ముదురు, ఆ చిరుగులకు అధికమూల్యము నిత్తురు; ఇది మాకింకను బోధపడలేదు.

న్యూయార్కు నగరమున బిల్ కన్నింగ్‌హామ్ అను ఛాయాగ్రాహకుడుండెను. 2016లో మరణించువరకు సైకిలుపై తిరుగుచు, వీధిలో నడచువారి దుస్తులను చిత్రించి న్యూయార్క్ టైమ్స్ పత్రికలో ప్రకటించెను. 1978లో ఒక స్త్రీ కోటు భుజపు కోత నచ్చి చిత్రము తీసెను. ఆమె ప్రఖ్యాత నటి గ్రేటా గార్బో యని తరువాతనే తెలిసినది. ఇంతమంది సొగసును చూచిన యాతడు తాను తొడిగినది ఫ్రాన్సు దేశపు కూలివారి నీలి కోటు. చవుక, గట్టిది, జేబులు గలది. అంతకుమించి యాతనికి అవసరము లేకుండెను.

తిరిగివచ్చి నోటుపుస్తకములు చూచితిమి. కొందరు ధరలు మాత్రమే వ్రాసిరి. ఆ బాలిక రెండు పుటలు వ్రాసినది. నగరపు పిల్లలు చేతులు పైకి మడుతురు, తన తల్లి మణికట్టువరకు దించి గుండీ పెట్టును. సిమెంటు చర్మమును కొఱుకును, ఎండ కాల్చును. కొంగు అంగీ లోపల నుండుటచే తట్ట నెత్తునప్పుడు జారదు. జేబులో సెల్‌ఫోను, దినకూలి లెక్క వ్రాసిన కాగితము. తలపై చుట్టబట్ట తట్ట బరువును పరచును. అంగీ తండ్రిది, కాలరు అరిగినప్పుడు తల్లికి వచ్చును. ఎందుకు అను ప్రశ్నకు ఇంత చక్కని యుత్తరము తరగతిలో మఱియొకటి లేదు. ఆ పుటలను ఆమె యనుమతితో అందరి యెదుట చదివితిమి. వానలో నిలిపినది మేమేయనియు చెప్పితిమి.

ఈ యేటి వార్షికోత్సవమునకు ఆ తల్లి వచ్చెను. మేము ఎదురేగి ముందువరుసలో కూర్చుండబెట్టితిమి. నేతచీర కట్టుకొని యున్నది. బిడ్డ తేరిపార చూచి, "అంగీ ఏదమ్మా?" అని యడిగెను.

"ఉతికి ఆరేసిన బిడ్డా, రేపు పనికి గావాలె గదా" అని తల్లి చెప్పెను.