కటింగ్ ప్లేయర్ తీసే ముందు

షెడ్డుకి ఓ అంబాసిడర్ వచ్చింది. కుడి ఇండికేటర్ వేస్తే వెనక పార్కింగ్ లైట్లు కూడా దాంతోపాటే మిణుకుమిణుకుమంటున్నాయి. బ్రేకు తొక్కితే ముందు కుడి ఇండికేటర్ మసకగా వెలుగుతోంది. "ఇప్పటికి మూడు ఫ్లాషర్లు మార్పించానండీ మేస్త్రీ. స్టీరింగ్ కింద స్విచ్చి కూడా కొత్తదే. ఇంకేం కొనాలో మీరే చెప్పండి" అన్నారు బండి యజమాని.

ఏమీ కొనలేదు. వెనక కుడి దీపం విప్పి, దాన్ని బాడీకి పట్టి ఉంచే స్క్రూ కింద తుప్పును ఉప్పుకాగితంతో గీకి, మళ్లీ బిగించాను. జబ్బు పోయింది. దీపానికి ఎర్త్ లేక, ఇండికేటర్‌కు వచ్చిన కరెంటు తిరిగి వెళ్లే దారి కోసం పక్కనున్న పార్కింగ్ ఫిలమెంటులో దూరి, అక్కణ్నుంచి ఎడమ దీపం గుండా బాడీకి చేరుతోంది. బ్రేకు తొక్కినప్పుడూ అదే కథ, దారి మాత్రం ముందు ఇండికేటర్ మీదుగా. మార్చిన మూడు ఫ్లాషర్లలో ఏదీ చెడిపోలేదు.

పాత కార్ల లైటింగ్ పని నేర్చుకోవాలనుకునే తమ్ముళ్లకు నేను చెప్పేది ఒకటే. కారణం చేతికి చిక్కేదాకా తీగ కొయ్యకండి, సామాను మార్చకండి. మిగతాదంతా దీనికి వివరణే.

ఈ పని ఎవరికి కావాలి?

అంబాసిడర్ తయారీ 2014లో ఆగిపోయింది. ప్రీమియర్ పద్మిని అంతకు చాలా ముందే వెళ్లిపోయింది. బండ్లు మాత్రం ఉన్నాయి. తాతగారి కారని దాచుకున్నవాళ్లు, పెళ్లిళ్లకూ సినిమా షూటింగులకూ అద్దెకిచ్చేవాళ్లు, ముచ్చటపడి కొని బాగుచేయించుకునేవాళ్లు అన్ని ఊళ్లలోనూ కనిపిస్తారు. 15 ఏళ్లు దాటిన సొంత కారుకు రిజిస్ట్రేషన్ పొడిగించాలంటే బ్రేక్ ఇన్‌స్పెక్టర్ ముందు నిలబెట్టాలి. అక్కడ ఒక్క ఇండికేటర్ వెలగకపోయినా బండి వెనక్కి రావచ్చు. 50 ఏళ్లు దాటి, అసలు రూపం చెడకుండా ఉన్నవాటికి కేంద్రం 2021లో వింటేజ్ వాహనాల నిబంధనలు తెచ్చింది. వాటికి నంబరు ప్లేటు మీద 'వీఏ' అక్షరాలతో వేరే వరుస ఉంటుంది. కొత్త రిజిస్ట్రేషన్‌కు రుసుము 20,000 రూపాయలు. అంత కట్టి బండిని కాపాడుకునే మనిషి, డాష్‌బోర్డు కింద రంగురంగుల తీగల చిక్కుముడి చూస్తే ఊరుకోడు.

కంప్యూటర్ తగిలించి లోపం చదివే కుర్రాళ్లు ఇప్పుడు చాలామంది ఉన్నారు. కంప్యూటరే లేని బండిలో లోపం వెతకగలవాళ్లు తగ్గిపోయారు. ఆ ఖాళీలోనే మీకు పని దొరుకుతుంది. ఐటీఐలో మోటార్ మెకానిక్ చదివినా, ఆటోనగర్‌లో 'సెల్ఫ్, డైనమో, వైరింగ్' అని బోర్డున్న షెడ్డులో చేరినా మొదలుపెట్టవచ్చు.

మొదటి అరగంట

ముందు బ్యాటరీ దగ్గరికి వెళ్లండి. ఏ టెర్మినల్ బాడీకి కలిసి ఉందో కళ్లతో చూడండి. ఇప్పటి బండ్లన్నిటికీ మైనస్సే ఎర్త్. డైనమో ఉన్న పాత బ్రిటిష్ పద్ధతి బండ్లలో మాత్రం ప్లస్సే బాడీకి ఉండొచ్చు. నేర్చుకునే రోజుల్లో అది చూడకుండా అలాంటి బండికి ఎలక్ట్రానిక్ ఫ్లాషర్ బిగించాను. స్విచ్చి వేయగానే పొగ. దాని ఖరీదు నా కూలిలోంచే పోయింది.

బ్యాటరీ విప్పేటప్పుడు బాడీకి కలిసిన తీగనే ముందు విప్పాలి, బిగించేటప్పుడు చివర బిగించాలి. అప్పుడు స్పానర్ జారి బాడీకి ఎక్కడ తగిలినా నిప్పురవ్వలు రావు. తర్వాత ఫోనుతో ఫోటోలు తీయండి. ఫ్యూజు డబ్బా, ఫ్లాషర్, స్విచ్చి వెనక భాగం, నాలుగు దీపాలు. ఏ తీగ ఎక్కణ్నుంచి ఎక్కడికి పోతోందో ఒక కాగితం మీద గీయండి. ఆ కాగితం రేపు మీకు ఎంత పనికొస్తుందో తర్వాత చెబుతాను.

సామాను పెద్దగా అక్కర్లేదు. ఒక మల్టీమీటర్, హోల్డరుకు రెండు తీగలూ క్లిప్పులూ కట్టిన 21 వాట్ల బల్బు, రెండు వైపులా క్లిప్పులున్న నాలుగు మీటర్ల తీగ. మీటరుండగా ఈ బల్బెందుకని అడుగుతారు. తీగలో పోగులన్నీ తెగి ఒక్కటే మిగిలినా మీటరు 12 వోల్టులూ చూపిస్తుంది. అదే తీగ మీద 21 వాట్ల బల్బు పెడితే వెలగలేక నీరసపడుతుంది. అందుకే పాత బండిలో వోల్టేజీ ఎప్పుడూ లైటు వేసి ఉంచి, భారం మీద కొలవాలి. ఈ టెస్ట్ బల్బును కంప్యూటర్ ఉన్న కొత్త బండ్ల తీగలకు మాత్రం తగిలించకండి. లోపలి సర్క్యూట్ కాలిపోతుంది.

తీగల రంగులు

అంబాసిడర్‌ది మోరిస్ ఆక్స్‌ఫర్డ్ వంశం. దాని తీగలకు బ్రిటిష్ కంపెనీ లూకాస్ రంగుల లెక్క ఉంటుంది. నేరుగా బ్యాటరీ నుంచి వచ్చేది గోధుమ రంగు. ఇగ్నిషన్ తిప్పితే వచ్చేది తెలుపు, అది ఫ్యూజు దాటితే ఆకుపచ్చ. ఆకుపచ్చ మీద ఎర్ర గీత ఉంటే ఎడమ ఇండికేటర్, తెల్ల గీత ఉంటే కుడి ఇండికేటర్, ఊదా గీత ఉంటే బ్రేకు లైటు. ఎరుపు పార్కింగ్ లైట్లకు. నీలం మీద తెలుపు హెడ్‌లైటు హైబీముకు, నీలం మీద ఎరుపు డిప్పుకు. నలుపు ఎర్త్. ఫియట్ వంశానికి చెందిన పద్మినికి ఈ లెక్క పెట్టుకోకండి, దాని బొమ్మ వేరే చూసుకోవాలి.

అంబాసిడర్‌లోనైనా రంగును సాక్షిగా పిలవండి, తీర్పు మాత్రం మీటరుకే వదలండి. యాభై ఏళ్లలో ఎందరో చేతులు పెట్టి ఉంటారు. చేతికందిన తీగ అతికించి పోయినవాళ్లు తక్కువేం కాదు.

ఇండికేటర్ జబ్బులు

రెండు వైపులా వెలగడం లేదంటే లోపం రెండు వైపులకూ కలిసే చోట ఉంటుంది. ముందు ఫ్యూజు చూడండి. తర్వాత ఫ్లాషర్ విప్పి దానికొచ్చే తీగల్లో 'బి' టెర్మినల్‌ది, 'ఎల్' టెర్మినల్‌ది కలిపి, ఇండికేటర్ స్విచ్చి వేయండి. లైట్లు మిణకకుండా నిలకడగా వెలిగితే తీగలూ స్విచ్చీ బాగున్నాయి, ఫ్లాషరే పోయింది. వెలగకపోతే ఫ్లాషర్ నిర్దోషి, లోపం దానికి ముందో వెనకో ఉంది. ఈ ఒక్క పరీక్ష చేసి ఉంటే ఆ అంబాసిడర్ యజమాని మూడు ఫ్లాషర్లు కొనేవారు కాదు.

ఒకవైపే వెలగడం లేదంటే స్టీరింగ్ కాలమ్ దగ్గర వెతకండి. అక్కడ తీగలు రోజూ కదిలి కదిలి, పైతొడుగు బాగానే ఉండి లోపల తెగుతాయి. వేలితో పట్టి మెల్లగా లాగితే తెగినచోట తొడుగు సాగుతుంది.

వేగం మారిందంటే బల్బులు చూడండి. పాత ఫ్లాషర్ వేడితో పనిచేస్తుంది. రెండు 21 వాట్ల బల్బులు కలిసి సుమారు మూడున్నర ఆంపియర్లు లాగితేనే లోపలి పట్టీ సరిగ్గా వేడెక్కి, వంగి, తెరుచుకుంటుంది. ఒక బల్బు పోయినా, తక్కువ వాట్లది పెట్టినా లెక్క తప్పుతుంది. ఎల్‌ఈడీ బల్బు పెడితే మిణకడమే మానేస్తుంది, ఎందుకంటే అది లాగే కరెంటుకు పట్టీ వేడెక్కదు. ఎలక్ట్రానిక్ ఫ్లాషర్ అయితే ఒక బల్బు పోగానే గబగబా కొట్టుకుంటుంది. ఇండికేటర్ నిమిషానికి 60 నుంచి 120 సార్ల లోపు మిణకాలి. వాచీ పట్టుకుని లెక్కపెట్టి మరీ బండి అప్పగించండి.

ఒక లైటు వేస్తే ఇంకోటి వెలుగుతోందంటే మొదట చెప్పిన కథే. వెతకడం తేలిక. పొడుగు తీగ ఒక చివర బ్యాటరీ ఎర్త్ టెర్మినల్‌కు, రెండో చివర అనుమానమున్న దీపం హోల్డరుకు తగిలించండి. అంతా సర్దుకుంటే దొంగ దొరికినట్టే. మీటరుతో అయితే లైటు వేసి, హోల్డరుకూ బ్యాటరీ ఎర్త్ టెర్మినల్‌కూ మధ్య కొలవండి. రీడింగు 0.2 వోల్టులు దాటకూడదు. దాటితే తుప్పు, చిలుము గీకి, పళ్ల వాషరు వేసి బిగించి, పైన కాస్త వాజలీన్ రాయండి. దీపం చుట్టూ రేకు బాగా తినేసి ఉంటే ఒక నల్ల తీగ విడిగా లాగి గట్టి రేకుకు బిగించడం మేలు.

ఫ్యూజు మాటిమాటికీ పోతుంటే

పాత అంబాసిడర్లలో రెండే గాజు ఫ్యూజులు, హెడ్‌లైట్లకు అసలు ఫ్యూజే లేనివి చూస్తాం. లూకాస్ గాజు ఫ్యూజు మీద 35 అని ఉంటే అది తెగే కరెంటు. నిలకడగా మోసేది అందులో సగమే. ఆ అంకె చూసి ఇప్పటి పద్ధతి 35 ఆంపియర్ల ఫ్యూజు పెడితే, అది తెగేలోపు తీగలు కాలతాయి. ఇక సిగరెట్ పెట్టె రేకు చుట్టే వైద్యం గురించి చెప్పక్కర్లేదు.

షార్ట్ వెతకడానికి ఫ్యూజులు తగలేయకండి. ఫ్యూజు తీసి దాని రెండు కొసల మధ్య మీ 21 వాట్ల బల్బు పెట్టి, ఆ లైనులో మిగతావన్నీ ఆపేయండి. షార్ట్ ఉన్నంతసేపూ బల్బు నిండుగా వెలుగుతుంది. ఇప్పుడు తీగల కట్టను ముందు నుంచి వెనక దాకా ఒక్కోచోట కదుపుతూ పోండి. ఎక్కడ కదిపితే బల్బు ఆరుతుందో అక్కడే తీగ రేకుకు ఒరుసుకుంటోంది. ఎక్కువసార్లు అది రబ్బరు ఎండి రాలిపోయిన రంధ్రం దగ్గరే దొరుకుతుంది. తీగ ఒక్కటే మార్చి ఊరుకోకండి, ఆ రంధ్రానికి కొత్త రబ్బరు వేయండి.

హెడ్‌లైట్లు

"లైట్లు గుడ్డిగా ఉన్నాయి, పెద్ద బల్బులు వేయి మేస్త్రీ" అంటారు. వేయకండి. ముందు హెడ్‌లైటు వెలుగుతుండగా బల్బు పిన్నుల దగ్గర వోల్టేజీ కొలవండి. బ్యాటరీ దగ్గర 12 ఉండి బల్బు దగ్గర 10.8 వస్తే తగ్గింది పదో వంతే కదా అనిపిస్తుంది. కానీ వెలుగు దాదాపు 30 శాతం పోతుంది. ఆ తగ్గిన వోల్టేజీ స్విచ్చిలో, డిప్పు స్విచ్చిలో, చిలుము పట్టిన జాయింట్లలో వేడిగా మారుతోంది. అక్కడ పెద్ద బల్బు పెడితే వేడి ఇంకా పెరిగి స్విచ్చి కరుగుతుంది.

యజమాని ఒప్పుకుంటే రెండు రిలేలు పెట్టండి, హైబీముకు ఒకటి, డిప్పుకు ఒకటి. రిలేలో 30కి బ్యాటరీ నుంచి ఫ్యూజు మీదుగా 2.5 చదరపు మిల్లీమీటర్ల తీగ, 87 నుంచి బల్బుకు, 86కి పాత స్విచ్చి తీగ, 85 ఎర్త్‌కు. 60/55 వాట్ల హెచ్4 బల్బులు జత వేస్తే హైబీములో 10 ఆంపియర్లు పోతాయి. ఆ భారమంతా రిలే మోస్తుంది, పాత స్విచ్చి రిలేను లేపితే చాలు. రిలేలను బయటికి కనబడని చోట, అసలు తీగ కోయకుండా పెట్టండి. రేపు ఎవరైనా పూర్వరూపం కావాలంటే విప్పేయవచ్చు.

జాయింటులో మీ సంతకం

మెలిపెట్టి టేపు చుట్టడం పని కాదు. మన ఎండలకు ఆ జిగురు కరిగి కారుతుంది, టేపు జారుతుంది, తీగ బయటపడుతుంది. పాత పద్ధతి బుల్లెట్ కనెక్టర్లు, సరైన సైజు థింబుల్స్, వాటిని నొక్కే ప్లేయరు, వేడి చేస్తే ముడుచుకునే స్లీవు వాడండి. తీగ మార్చాల్సి వస్తే అదే రంగుది వెతకండి. దొరక్కపోతే రెండు చివర్లా అసలు రంగు పేరు రాసిన చీటీ కట్టండి. తర్వాత వచ్చే ఎలక్ట్రీషియన్ మిమ్మల్ని తిట్టుకోకుండా ఉంటాడు. ఆ వచ్చేది మీరే కావచ్చు కూడా.

డబ్బు మాట

పాత బండికి ముందే మొత్తం రేటు చెప్పేసి ఇరుక్కోకండి. లోపం వెతకడానికి ఇంత అని విడిగా ఒప్పుకోండి. వెతికాక ఏం దొరికిందో, దానికెంతవుతుందో రాసివ్వండి, అప్పుడు పని మొదలుపెట్టండి. "నాలుగు రుద్దులకు ఇంతా?" అని అడిగేవాళ్లుంటారు. వాళ్లకు ముందు రీడింగు, తర్వాత రీడింగు పక్కపక్కన చూపించండి. హోల్డరు దగ్గర 3 వోల్టులు పోతున్నది ఇప్పుడు 0.1 అయిందని కాగితం మీద కనబడితే బేరం ఆగిపోతుంది.

తీసిన పాత సామాను పారేయకుండా సంచిలో వేసి యజమానికే ఇచ్చేయండి. పాత బండ్లవాళ్లకు పగిలిన దీపం అద్దం కూడా అపురూపమే. మొదటి అరగంటలో గీసిన బొమ్మకు నకలు తీసి ఒకటి వాళ్లకిచ్చి, ఒకటి బండి నంబరు రాసి మీ దగ్గర దాచుకోండి. రెండేళ్ల తర్వాత అదే బండి వస్తే ఆ కాగితం మీకు ఒక పూట పని మిగులుస్తుంది. అలాంటివి ఇరవై కూడితే ఆ ఊళ్లో పాత బండ్లన్నీ మీ షెడ్డు దారే పడతాయి.

రేపు మీ దగ్గరికో పాత కారు వస్తే మొదటి అరగంట కటింగ్ ప్లేయర్‌ను పెట్టెలోనే ఉంచండి. టెస్ట్ బల్బు, మీటరు, కాగితం చాలు.