పాత రైలు వంతెన: విద్యార్థులకు ఒక పాఠం

రాజమండ్రి నుంచి కొవ్వూరు వైపు చూస్తే గోదావరి మీద రైళ్లు నడవని ఒక వంతెన కనిపిస్తుంది. అదే హేవ్‌లాక్ వంతెన. 1897 నవంబరులో పని మొదలై, 1900 ఆగస్టు 30న దాని మీద రాకపోకలు ప్రారంభమయ్యాయి. విక్టోరియా రాణి పాలన ముగియడానికి అప్పటికి అయిదు నెలలు కూడా లేదు. అప్పటి మద్రాసు గవర్నరు హేవ్‌లాక్ పేరు పెట్టారు. కట్టించిన ఇంజనీరు వాల్టన్. అంతకుముందు కాశీలో గంగ మీద వంతెన కట్టించినదీ ఆయనే. కాటన్ దొర పేరు తెలియని పిల్లవాడు మన జిల్లాల్లో ఉండడు గాని, వాల్టన్ పేరు పెద్దలకే తెలియదు.

అంతకుముందు రైలు దిగి, పడవలో ఏరు దాటి, అవతలి ఒడ్డున మళ్లీ రైలెక్కవలసి వచ్చేది.

గోదావరి అడుగున ఉన్నది ఇసుక. వరద వస్తే అది కోసుకుపోతుంది. మరి రాతి స్తంభాలు ఎలా నిలిచాయి? మన ఊళ్లలో వరల నుయ్యి తవ్వడం చూసినవారికి సులువుగా అర్థమవుతుంది. వర లోపల ఇసుక తోడుతుంటే వర తన బరువుకే కిందికి దిగుతుంది. దాని మీద ఇంకొకటి పేరుస్తారు. వంతెన పునాదీ అంతే. అడుగున పదునైన ఇనుప అంచు, దాని మీద గుండ్రని కట్టడం, లోపలి నుంచి ఇసుక తోడడం. గట్టి నేల తగిలాక అడుగున కాంక్రీటు వేసి మూస్తారు. మనకు కనిపించేది పై భాగమే. అసలు కష్టమంతా నీటి కింద ఉంది. ఆ కష్టం చేసిన కూలీల పేర్లు ఏ రాతిపలక మీదా కనిపించవు.

ఇక ఇనుము సంగతి. స్పాన్లు 56, ఒక్కొక్కటి 150 అడుగులు, అంటే 45.7 మీటర్లు. ఒక డిగ్రీ వేడి పెరిగితే మీటరు ఉక్కు సుమారు 0.012 మిల్లీమీటరు సాగుతుంది. శీతాకాలపు తెల్లవారుజాముకూ రోహిణి ఎండకూ ఇనుము వేడిలో 30 డిగ్రీల తేడా అనుకుందాం. ఒక్కో స్పాన్ 16 మిల్లీమీటర్లు సాగుతుంది. అన్నీ కలిపి ఒకే ముక్కగా పోతపోసి ఉంటే 92 సెంటీమీటర్లు! అందుకే ఇలాంటి వంతెనల్లో గర్డరుకు ఒక కొస బిగించి, రెండో కొసకు కదిలే వీలిస్తారు.

1997లో దీని మీద రైళ్లు ఆపేశారు. పక్కనే కట్టిన కమానుల వంతెనకు 28 స్పాన్లే. ఒక్కొక్కటి 97.55 మీటర్లు. స్తంభాలు సగానికి తగ్గాయి.

ఫొటోల కోసం పాత వంతెన ఎక్కాలని మన పిల్లలకు సరదా. తుప్పు పట్టిన రేకు పైకి గట్టిగానే కనిపిస్తుంది, కాలు పెట్టాకే తెలుస్తుంది. కింద ఏరు. తల్లిదండ్రులు ఈ విషయంలో మొహమాటపడకుండా గట్టిగా చెప్పాలి. ఘాటు మెట్ల మీద కూర్చుని చూసినా ఈ పాఠమంతా నేర్చుకోవచ్చు.

ఇంటి దగ్గర చేయవలసిన లెక్క: రెండు చివరలా ఒడ్డున ఉన్న కట్టడాలు వదిలేస్తే, 56 స్పాన్లకు నడుమ స్తంభాలు ఎన్ని? తొందరపడి 56 అని రాయకండి. నాలుగు అగ్గిపుల్లలు వరసగా పేర్చి, మధ్యలో అతుకులు ఎన్ని వచ్చాయో ముందు లెక్కపెట్టండి.