ప్రొడక్షన్‌కు కోడ్ పంపేటప్పుడు: చేయవలసినవి, చేయకూడనివి

2012 ఆగస్టు 1న అమెరికాలో నైట్ క్యాపిటల్ అనే షేర్ల ట్రేడింగ్ సంస్థ సుమారు 45 నిమిషాల్లో 44 కోట్ల డాలర్లకు పైగా పోగొట్టుకుంది. కొత్త కోడ్ 8 సర్వర్లలోకి వెళ్లాల్సి ఉండగా ఒకటి మిగిలిపోయింది. ఎప్పుడో వాడకం మానేసిన పాత కోడ్ అందులో నిద్రలేచి ఆగకుండా ఆర్డర్లు పెట్టింది. డిప్లాయ్ అయ్యాక రెండో మనిషి సరిచూడలేదు. కంగారులో మిగతా ఏడింటి నుంచీ కొత్త కోడ్ తీసేస్తే, అక్కడా పాత కోడే నడిచి నష్టం ఇంకా పెరిగింది.

మన వెబ్ అప్లికేషన్లలో అంత సొమ్ము తిరగకపోవచ్చు, ప్రమాదం మాత్రం ఇదే. ఏ సర్వర్‌లో ఏ కోడ్ నడుస్తోందో గిట్ చూసి వెంటనే చెప్పగలగాలి.

చేయవలసినవి

స్టేజింగ్‌లో టెస్ట్ చేసిన కమిట్‌కు ట్యాగ్ వేసి, ఆ ట్యాగ్‌నే ప్రొడక్షన్‌కు పంపండి. మెయిన్ బ్రాంచ్‌లో అప్పటికి ఏముంటే అది లాగేస్తే, టెస్టింగ్ అయ్యాక ఎవరో మెర్జ్ చేసిన మార్పు కూడా చెప్పకుండా వెళ్లిపోతుంది. పంపాక అన్ని సర్వర్లలో కమిట్ నంబరు ఒకటేనా అని సరిపోల్చండి. ఈ పని స్క్రిప్టు చేయాలి, ఫలితం ఇంకొకరు చూడాలి.

సర్వర్‌లో ఉన్నది గిట్ కాపీయే అయితే, డిప్లాయ్‌కు ముందు గిట్ స్టేటస్ కొట్టండి. ఏదైనా ఫైలు మారినట్టు చూపిస్తే, ఎవరో సర్వర్ మీదే దిద్దారన్నమాట. దాన్ని రీసెట్ చేసి పారేయకండి. అర్ధరాత్రి పేమెంట్ పేజీ ఆగిపోతే చేసిన మరమ్మతు కావచ్చు అది. డిఫ్ తీసి దాచండి, బ్రాంచ్‌లో కమిట్ చేయండి, రివ్యూ చేయించి మామూలు దారిలోనే పంపండి.

డేటాబేస్ దగ్గర రెండింతలు జాగ్రత్త. కోడ్ వెనక్కి వెళ్తుంది గానీ, తీసేసిన కాలమ్‌లోని డేటా తిరిగిరాదు. ముందు ఒక రిలీజ్‌లో ఆ కాలమ్ వాడకం ఆపండి. కొన్నాళ్లు నడిచాక ఇంకో రిలీజ్‌లో తీసేయండి. బ్యాకప్ ఉందనుకోవడం చాలదు, రీస్టోర్ చేసి చూడండి. 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్‌లో ప్రొడక్షన్ డేటాబేస్ పొరపాటున చెరిగిపోయినప్పుడు, నమ్ముకున్న బ్యాకప్ పద్ధతులు అక్కరకు రాలేదు. ఆరు గంటల ముందు ఒక ఇంజినీరు వేరే పని కోసం తీసిన స్నాప్‌షాట్ కాపాడింది.

చేయకూడనివి

పాస్‌వర్డ్‌లు, ఏపీఐ కీలు కమిట్ చేయకండి. తర్వాతి కమిట్‌లో తీసేసినా హిస్టరీలో ఉంటాయి. ఒకసారి పుష్ అయిన కీ బయటపడినట్టే లెక్క, ముందు దాన్ని మార్చేయండి.

డాట్ గిట్ ఫోల్డర్‌ను బ్రౌజర్‌కు అందే చోట వదలకండి. దాన్నుంచి మీ సోర్స్ మొత్తం, పాత పాస్‌వర్డ్‌లతో సహా, లాగేయవచ్చు.

నలుగురూ వాడే బ్రాంచ్ మీద ఫోర్స్ పుష్ వద్దు. చెడ్డ మార్పు వెళ్లిపోతే గిట్ రివర్ట్ చేయండి, ఏం జరిగిందో హిస్టరీలో నిలుస్తుంది.

యూజర్లు అప్‌లోడ్ చేసిన ఫోటోలు, రసీదులు కోడ్ ఫోల్డర్‌లో ఉంచకండి. ఎవరో చెత్త తీద్దామని గిట్ క్లీన్‌ను ఇగ్నోర్ చేసిన ఫైళ్లను కూడా తుడిచే ఆప్షన్‌తో కొడితే అవన్నీ పోతాయి. గిట్ వాటిని ఎన్నడూ దాచుకోలేదు గనుక తిరిగి ఇవ్వలేదు.