పాల సైకిలు: బరువు, బ్రేకు, భద్రత



మాచర్ల - నాగార్జునసాగర్ మార్గంలో ఎత్తిపోతల చూడవచ్చే యాత్రికులు చంద్రవంక సుమారు 70 అడుగుల ఎత్తు నుండి క్రిందికి దూకడం చూసి ఆనందించి వెళతారు. ఆ చుట్టుపట్ల పాడి చేసుకునే మనవాళ్ళకు ఆ మిట్టపల్లాలు మరొక విధంగా పరిచయం. తెల్లవారకముందే గేదెల పాలు పితికి, క్యాన్లు సైకిలుకు తగిలించి, మిట్ట వచ్చినచోట దిగి నెట్టి, పల్లం వచ్చినచోట బ్రేకు పట్టి, వేళకు పాల కేంద్రం చేరాలి. నీరు పల్లమెరుగునన్నారు. బరువు కూడా పల్లమెరుగును. ఈ నెల పాఠం ఆ బరువును గురించే.

ఇప్పుడు చాలామంది మోటారు సైకిళ్ళ మీద పాలు తెస్తున్నారు. అనేకచోట్ల పాలు చల్లబరిచే బల్క్ కూలర్లు కూడా వచ్చాయి. అయినా పొలం దగ్గర పాక నుండి ఊళ్ళోకి, శివారు పల్లె నుండి కేంద్రానికి సైకిలే ఆధారమైన సభ్యులు ఇంకా ఉన్నారు. మోటారు సైకిలు ఉన్నవారు కూడా ఇది చదవగోరుతున్నాము. బరువుకు సంబంధించిన సూత్రాలు రెంటికీ ఒక్కటే.

మేము మరువలేని ఒక ఉదయం

కొన్నేళ్ళ క్రిందట పల్నాటిలో ఒక సంఘం తనిఖీకి వెళ్ళాము. ఆ కేంద్రంలో ఏడు గంటలకు తూకం ఆపేవారు. ఒక్క నిమిషం దాటినా పాలు తీసుకునేవారు కారు. ముందు రాత్రి వాన పడింది. శివారు నుండి ఒక సభ్యుడు రెండు క్యాన్లు చెరొక వైపు తగిలించి, బడికి పోవలసిన ఎనిమిదేళ్ళ కూతురును ఆ రెండింటి నడుమ క్యారియర్ మీద కూర్చోబెట్టుకొని బయలుదేరాడు. ఆలస్యమైందని వాగు పల్లంలో సైకిలును వదిలాడు. బ్రేకు నొక్కగానే వెనుక బ్రేకు రబ్బరు గూటిలో నుండి జారి పడిపోయింది. సైకిలు ఊగింది. పాప కాలు పెట్టుకొనే చోటు లేక వ్రేలాడుతున్న మడమ చక్రం పుల్లల్లోకి పోయింది.

ఆ పాప మూడు నెలలు బడికి పోలేదు. పాలన్నీ వాగుపాలయ్యాయి. సేకరణ రిజిస్టరులో ఆ పూట ఆయన నంబరు ఎదుట ఒక గీత మాత్రం ఉన్నది. మేము నగదు చూచాము, నిల్వ చూచాము, ఫ్యాట్ లెక్కలు చూచాము. అన్నీ సక్రమంగా ఉన్నవని వ్రాసి సంతకం చేసి వచ్చాము. బయట గోడకు ఆనించి ఉన్న ఇరవై సైకిళ్ళలో ఒక్కదాని బ్రేకు కూడా మేము చూడలేదు. ఈ పాఠం వ్రాయడానికి అదే కారణం.

1. మన సైకిలు మోసే బరువెంత?

లీటరు పాలు లీటరు నీటి కంటే కొంచెం బరువు, సుమారు 1.03 కిలోలు. నలభై లీటర్ల పాలు 41 కిలోల పైచిలుకు. అల్యూమినియం క్యాను బరువు 7, 8 కిలోలు. అనగా నిండు క్యాను ఒక్కటి 48, 49 కిలోలు. రెండు తగిలిస్తే క్వింటాలుకు దగ్గర. మనిషి 60 కిలోలు, సైకిలు 20 కిలోలు కలుపుకుంటే రెండు సన్నని టైర్ల మీద 175 కిలోలకు పైగా పోతున్నది. ఇందులో ఎక్కువ భాగం వెనుక చక్రానిదే. మన పాత మోటు సైకిళ్ళకు ముందు చక్రానికి 32 పుల్లలు, వెనుక చక్రానికి 40 పుల్లలు పెట్టింది ఇందుకే.

ఇంత బరువుతో పల్లంలో తొక్కడం ధైర్యం కాదు. 1954లో వియత్నాంలో డియన్ బియన్ ఫూ యుద్ధానికి సైకిళ్ళ మీద ఒక్కొక్కదానికి 200 కిలోలకు పైగా సామాను చేరవేశారు. కాని వారు వాటిని తొక్కలేదు. హ్యాండిలుకు ఒక పొడుగు కర్ర, సీటు వెనుక ఒక కర్ర కట్టి, ప్రక్కన నడుస్తూ నెట్టారు. బరువు మించితే దిగి నడవడమే సైకిలు విద్య. రెండు నిండు క్యాన్లతో మిట్టలోను, నిటారు పల్లంలోను దిగి నడవండి.

2. బరువు ఎక్కడ ఉండాలి?

మూడు మాటలు గుర్తుంచుకుంటే చాలు: క్రిందికి, ముందుకు, సమంగా.

క్రిందికి: క్యాను క్యారియర్ పైన నిలబెట్టిన దానికంటే ప్రక్కన ఇనుప కొక్కెంలో ఇరుసు ఎత్తుకు దగ్గరగా వ్రేలాడితే సైకిలు తక్కువ ఊగుతుంది. అయితే మలుపులో నేలకు తగలకూడదు, పెడలు తొక్కే మడమకు అడ్డు రాకూడదు.

ముందుకు: బరువు వెనుక ఇరుసుకు వెనుకగా పోయిన కొద్దీ ముందు చక్రం తేలిక అవుతుంది. హ్యాండిలు చేతిలో నిలవదు. క్యాను మధ్యభాగం ఇరుసుకు సూటిగా గాని, కొంచెం ముందుకు గాని ఉండాలి.

సమంగా: ఒకవైపు నిండు క్యాను, రెండవవైపు ఖాళీ క్యాను పనికిరాదు. పాలు తక్కువైనప్పుడు చిన్న క్యాన్లు రెండు తీసుకొని సమంగా పోయండి. సగం నిండిన పెద్ద క్యాను మరీ ప్రమాదం. లోపల పాలు అటూ ఇటూ కొట్టుకొని, మలుపు తిరిగిన తరువాత కూడా సైకిలును లాగుతూనే ఉంటాయి. క్యానుకు తగినన్ని పాలు ఉంటే ఆ ఊపు ఉండదు.

కట్టడానికి పాత ట్యూబు కోసిన పట్టీ మంచిది. కొబ్బరి తాడు తడిస్తే ఒక తీరు, ఆరితే ఒక తీరు. పట్టీ కొస వ్రేలాడకుండా ముడి లోపలికి దోపండి. వ్రేలాడే కొస పుల్లల్లో చుట్టుకుంటే చక్రం ఉన్నచోటనే ఆగిపోతుంది.

3. మనిషా, పాలా?

రెండూ కలిపి వద్దు. పాల క్యాన్లు ఉన్న సైకిలు మీద పిల్లను గాని, పెద్దను గాని ఎక్కించవద్దు. ముందు కడ్డీ మీద కూర్చోబెట్టడం కూడా అంతే ప్రమాదం. పిల్ల హ్యాండిలు పట్టుకుంటే మన బ్రేకుకు, మన త్రిప్పుకు అడ్డు వస్తుంది.

పాలు పోసి తిరిగి వచ్చేటప్పుడు ఖాళీ క్యాన్లు తీసి, మనిషిని ఎక్కించుకోవలసి వస్తే ఈ ఏర్పాట్లు ఉండాలి. వెనుక ఇరుసు దగ్గర రెండు వైపులా పాదాలు ఆనే ఇనుప మెట్లు. చక్రానికి రెండు వైపులా వల గాని రేకు గాని. చీర కొంగు, ఓణీ, లుంగీ అంచు లోపలికి దోపుకోవడం. ఎక్కేవారు సైకిలు ఆగి ఉండగా ఎక్కాలి, పరుగెత్తి దూకి కాదు. తనంత తాను గట్టిగా పట్టుకొని కూర్చోలేని చంటిబిడ్డను ఏర్పాటు లేని క్యారియర్ మీద ఎక్కించవద్దు.

పొరపాటున కాలు పుల్లల్లో ఇరుక్కుంటే లాగవద్దు, చక్రం వెనుకకు త్రిప్పవద్దు. సైకిలు కదలకుండా పట్టుకొని, పుల్లలు వంచి గాని కత్తిరించి గాని కాలు విడిపించండి. గాయాన్ని మంచినీటితో కడిగి శుభ్రమైన గుడ్డ కట్టండి. పసుపు, కాఫీ పొడి, గ్రీజు వంటివి పూయవద్దు. పైకి చిన్న గాయంగా కనబడినా లోపల ఎముక విరిగి ఉండవచ్చు. 108కి ఫోను చేసి ఆసుపత్రికి చేర్చండి. ధనుర్వాతం సూదిమందు గురించి డాక్టరును అడగండి.

4. బ్రేకు

గంటకు 12 కిలోమీటర్ల వేగంలో సైకిలు ఒక్క సెకనుకు సుమారు 11 అడుగులు పోతుంది. 24 కిలోమీటర్ల వేగంలో 22 అడుగులు. ఎదుట గేదెను చూచి చేతికి బ్రేకు అందేసరికే ఆ సెకను గడిచిపోతుంది. బ్రేకు పట్టిన తరువాత ఆగడానికి పట్టే దూరం వేగం రెట్టింపైతే రెట్టింపు కాదు, నాలుగు రెట్లు. అందుచేత పల్లం ప్రారంభంలోనే వేగం తగ్గించాలి, నడుమ కాదు.

రబ్బరు జారిన సంగతి పైన చెప్పాము. అది ఎందుకు జారిందో తెలుసుకోవడం అవసరం. బ్రేకు రబ్బరు కూర్చునే ఇనుప గూడుకు ఒక కొస మూసి, ఒక కొస తెరచి ఉంటుంది. చక్రం ముందుకు తిరిగేటప్పుడు రిమ్ము రబ్బరును ఏ వైపుకు లాగుతుందో ఆ వైపు మూసిన కొస ఉండాలి. తిరగవేసి బిగిస్తే మామూలుగా తొక్కేటప్పుడు ఏమీ తెలియదు. బరువుతో గట్టిగా నొక్కిన రోజున రబ్బరు బయటకు వచ్చేస్తుంది. రబ్బరు మార్చిన ప్రతిసారి ఇది మీ కంటితో చూచుకోండి.

ప్రతి ఉదయం క్యాన్లు తగిలించక ముందు పరీక్ష: ముందు బ్రేకు నొక్కి సైకిలును ముందుకు నెట్టండి, చక్రం కదలరాదు. వెనుక బ్రేకు నొక్కి నెట్టండి, టైరు నేల మీద ఈడ్చుకుపోవాలి గాని తిరగరాదు. పూర్తిగా నొక్కినా బ్రేకు పిడికి, హ్యాండిలుకు నడుమ రెండు వ్రేళ్ళ సందు మిగలాలి. ఇందుకు అర నిమిషం చాలు.

రిమ్ము తడిస్తే బ్రేకు సరిగా పట్టదు. వాగు దాటిన తరువాత కొద్ది దూరం బ్రేకును మెల్లగా ఆనించి తొక్కితే రిమ్ము ఆరుతుంది. పాలు ఒలికితే రిమ్ము జిడ్డుపడి జారుతుంది. వెంటనే గోరువెచ్చని నీటితో కడిగి తుడవండి. నూనె చైనుకే, రిమ్ముకు ఒక్క చుక్క కూడా తగలరాదు. బ్రేకు పట్టేటప్పుడు ముందు వెనుకది, ఆ వెంటనే ముందుది, రెండూ కలిపి మెత్తగా పట్టండి. మలుపులో, ఇసుకలో ముందు బ్రేకు ఒక్కదానినే గట్టిగా నొక్కవద్దు.

5. వారానికొకసారి

గాలి: బరువు సైకిలుకు గాలి తక్కువైతే రాయి తగిలినప్పుడు ట్యూబు రిమ్ముకు, రాయికి నడుమ నలిగి తెగుతుంది. టైరు ప్రక్కన అచ్చు వేసిన ఒత్తిడికి తగ్గరాదు. రెంటచింతల ఎండలు మనకు తెలిసినవే. సైకిలును నీడన పెట్టండి. ఎండకు టైరు ప్రక్కలు పగిలి దారాలు కనబడితే మార్చవలసిందే.

పుల్లలు: చక్రం ఎత్తి త్రిప్పుతూ ఒక్కొక్క పుల్లను వ్రేలితో మీటండి. వదులైనది మందంగా పలుకుతుంది. ఒక పుల్ల విరిగితే దాని బరువు ప్రక్కవాటి మీద పడి అవీ విరుగుతాయి. ఒక్కటే కదా అని వారం తిరగవద్దు.

చైను: కొలబద్ద సున్నాను ఒక పిన్ను నడిమికి పెట్టండి. కొత్త చైనులో 24వ పిన్ను సరిగా 12 అంగుళాల దగ్గర ఉంటుంది. అది 12 అంగుళాల మీద ఒక నూలు, అనగా అంగుళంలో ఎనిమిదో వంతు దాటితే చైను సాగిపోయిందని అర్థం. సాగిన చైను మిట్ట ఎక్కేటప్పుడు పళ్ళ మీద నుండి ఎగురుతుంది.

నట్లు: క్యారియర్, కొక్కేలు, చక్రాల ఇరుసు నట్లు, పెడలు కాటరు పిన్నులు బిగించి చూడండి. ఫోర్కుకు, క్యారియర్ అతుకులకు పగులు ఉన్నదేమో తుడిచి చూడండి. వెల్డింగు ఊడిన క్యారియర్‌ను తీగతో కట్టి పాలు తేవద్దు.

6. దారిలో

తెల్లవారుజామున లారీ డ్రైవరుకు మన సైకిలు కనబడదు. వెనుక ఎర్రని రిఫ్లెక్టరు, ముందు లైటు, క్యాను వెనుక మెరిసే పట్టీ ఉండాలి. సెలవు రోజులలో ఎత్తిపోతలకు, సాగర్‌కు వచ్చే బస్సులు, కార్లు ఎక్కువ. వారికి మన దారి మలుపులు తెలియవు. ఎడమ ప్రక్కనే, ఒకరి వెనుక ఒకరు పోవాలి. జంటగా మాట్లాడుకుంటూ పోవద్దు. కాలువ కట్ట మీద పోయేవారు నీటి అంచుకు దూరంగా ఉండండి.

7. సంఘం చేయవలసినది

ఇంతవరకు సభ్యుని బాధ్యత చెప్పాము. ఆ తండ్రి తొందరపడ్డాడన్నది నిజం. అయితే ఆయనను తొందరపెట్టినది ఏడు గంటల గడియారం. పాలు విరగకుండా వేళకు చల్లబరచాలి, నిజమే. పితికిన పాలను మూడు, నాలుగు గంటలలోగా చల్లబరచడం అవసరం. వాన కురిసిన రోజున శివారు సభ్యులకు పావుగంట గడువు ఇస్తే ఆ నియమం చెడదు. ఆ గడువు ఎట్లా ఇవ్వాలో పాల వాహనం వచ్చే వేళను బట్టి పాలకవర్గం ముందుగా తీర్మానించుకోవాలి. ఆ తీర్మానం సభ్యులందరికీ తెలిసేటట్లు బోర్డు మీద వ్రాయాలి.

సర్వసభ్య సమావేశం ఆమోదంతో కేంద్రం దగ్గర ఒక గాలి పంపు, ఒక స్పానర్ల జత, నూనె డబ్బా, నాలుగు జతల బ్రేకు రబ్బర్లు ఉంచండి. వీటి ఖర్చు ఒక క్యాను పాలు ఒలికితే పోయే సొమ్ముతో పోల్చి చూచుకోండి. సైకిలు పని తెలిసిన సభ్యుడు ఊరికొకరైనా ఉంటారు. నెలకొక ఉదయం ఆయన అందరి సైకిళ్ళు చూచేటట్లు ఏర్పాటు చేయండి. ఒకరికి తెలిసినది పదిమందికి అక్కరకు రావడమే సహకారం.

సమావేశంలో చర్చించవలసిన ప్రశ్నలు

1. మన సంఘంలో సైకిలు మీద పాలు తెచ్చే సభ్యులెందరు? వారిలో పిల్లలను కూడా ఎక్కించుకొని వచ్చేవారెందరు? ఎందుచేత?

2. శివారు పల్లెల నుండి వచ్చే దారిలో దిగి నడవవలసిన పల్లాలు ఏవి?

3. వాన రోజున తూకం గడువు ఎంత?

4. గత వారం మీ బ్రేకు రబ్బరు గూడు మూసిన కొస ఎటు ఉన్నదో చూచారా?

ఇకమీదట మేము తనిఖీకి వచ్చినప్పుడు ముందుగా రిజిస్టర్లు అడగము. గోడ దగ్గరకు పోయి సైకిళ్ళ బ్రేకులు చూస్తాము. ఆ తరువాతనే లోపలికి వచ్చి పుస్తకాలు తెరుస్తాము. సభ్యులు ఇందుకు సహకరించగోరుతున్నాము.

— సహకార ఇన్‌స్పెక్టరు