పెదవి అలిసిపోయింది, మేళం ఆగనంటోంది

సమస్య

అన్నా,

నాకు ముప్పై నాలుగేళ్లు. మాది కోదాడ. పదహారో ఏట నుంచి బ్యాండు మేళంలో ట్రంపెట్ ఊదుతున్నాను. ముహూర్తాలు ఉన్నాయంటే పొద్దున కోదాడలో ఎదుర్కోలు, రాత్రికి మిర్యాలగూడలో బారాత్, తెల్లారితే సూర్యాపేట. ఈ ఎండాకాలం వరసగా పదకొండు రోజులు ఊదాను.

చివరి రోజు మిర్యాలగూడలో ఒక రైసుమిల్లు వాళ్ల బారాత్. మా వెనకే డీజే బండి. నేను ఊదేది నాకే వినపడలేదు. గంటన్నరకు పై స్వరం దగ్గర పెదవి వదిలేసింది. మూతి పక్క నుంచి ఫస్సుమని గాలి పోతోంది గానీ స్వరం పలకలేదు. ఇంకా గట్టిగా నొక్కిపట్టి ఎలాగో ముగించాను. తెల్లారి లేచేసరికి పై పెదవి వాచింది. చాయ్ గ్లాసు పెట్టుకుంటే మూతి వణికింది.

నాలుగు రోజులైంది. వాపు చాలావరకు దిగింది, పట్టు మాత్రం రాలేదు. పది నిమిషాలు ఊదానంటే అయిపోతోంది. పోయినేడు శ్రావణంలో మొదటి బారాత్‌కే ఇలాగే అయింది గానీ రెండు రోజుల్లో సర్దుకుంది. ఊదితేనే పోతుందని మా మేస్త్రీ అంటున్నాడు. పెదవి కింద ఖైనీ పెట్టుకుంటే నొప్పి తెలియదని తోటివాడు అంటున్నాడు. శ్రావణానికి అడ్వాన్సులు తీసుకున్నాం. ఇద్దరు పిల్లలు. నాకు ఇంకో పని రాదు. నా పెదవి మళ్లీ వస్తుందా అన్నా?

– కోదాడ తమ్ముడు

సలహా

తమ్ముడూ,

ముందు నువ్వు అడిగినదానికి జవాబు. నాలుగు రోజుల్లో వాపు దిగిందంటే నీ పెదవి తిరిగి వచ్చే దారిలోనే ఉంది. ఇప్పుడు దాన్ని చెడగొట్టగలిగింది తొందర ఒక్కటే. ఊదితేనే పోతుందన్న మాట ఈ వారం వినకు. ఖైనీ మాట ఎప్పుడూ వినకు. నొప్పి తెలియకపోతే గాయం మీదే ఊదేస్తావు. పైగా పొగాకు పెట్టిన చోట పెదవి లోపలి చర్మం పుండుపడుతుంది, క్యాన్సర్ దాకా పోవచ్చు. గుట్కా నమిలేవాళ్లలో కొందరికి కొన్నేళ్లకు నోరే సరిగా తెరుచుకోదు. నొప్పి మాత్ర వేసుకుని బారాత్‌కు పోవడం కూడా ఇలాంటిదే.

నీకు ఏం జరిగిందో చెబుతాను. మూతి చుట్టూ ఉంగరంలా ఒక కండరం ఉంటుంది. ట్రంపెట్‌లో మోగేది ఇత్తడి కాదు, ఆ కండరం బిగించి పట్టిన నీ పెదవులు. శ్రుతి చూసుకునే ‘ఎ’ స్వరానికి పెదవి సెకనుకు 440 సార్లు కొట్టుకోవాలి. దాని పై స్థాయికి 880 సార్లు. అలిసిన పెదవి అంత వేగం అందుకోలేదు. అప్పుడు మనం మౌత్‌పీస్‌ను పళ్లకేసి నొక్కుతాం. నొక్కినచోట రక్తం ఆడదు, కండరం ఇంకా అలుస్తుంది, మనం ఇంకా నొక్కుతాం. డీజే మోతలో నీ స్వరం నీకు వినపడనప్పుడు ఈ చక్రం ఇంకా వేగంగా తిరుగుతుంది.

నొక్కడం ఎక్కడ మొదలవుతుందో చూడు. ట్రంపెట్ మీద కుడి చిటికెన వేలికి ఒక కొక్కెం ఉంటుంది కదా. పై స్వరం రాగానే ఆ వేలు కొక్కేన్ని పట్టి వాయిద్యాన్ని మూతి మీదికి లాగుతుంది. అంత బలంతో లాగుతున్నామని మనకే తెలియదు. నేను ఊదే రోజుల్లో నా పై పెదవి మీద నల్లటి మచ్చ పడిందంటే ఆ వేలి వల్లే. ఇకమీదట ఆ వేలు కొక్కెంలో పెట్టకు, పైన ఆనించి ఉంచు. ఊదడం ఆపాక అద్దంలో చూసుకో. మౌత్‌పీస్ అచ్చు మూతి మీద ఎన్ని నిమిషాలు నిలుస్తుందో రోజూ రాసిపెట్టు. ఆ నిమిషాలు తగ్గుతుంటే నువ్వు బాగుపడుతున్నట్టే.

ఇక ఆషాఢం. మన బ్యాండువాళ్లం శూన్యమాసం రాగానే వాయిద్యాన్ని గోనెసంచిలో చుట్టి అటకెక్కిస్తాం. నెల గడిచాక శ్రావణంలో తొలి ముహూర్తానికి దించి, ఒక్కసారే నాలుగు గంటలు ఊదుతాం. నెల రోజులు కట్టేసి ఉంచిన ఎద్దును తీసుకెళ్లి మెల్లచెరువు జాతరలో బండ లాగించినట్టు ఉంటుంది అది. పోయినేడు నీకు దెబ్బ తగిలింది సరిగ్గా అక్కడ. ఈసారి ఆషాఢాన్ని పెదవికి ఇవ్వు.

మొదటి అయిదు రోజులు వాయిద్యం ముట్టకు. వాపు మిగిలి ఉంటే గుడ్డలో చుట్టిన ఐసు ముక్కతో అయిదారు నిమిషాలు, రోజుకు రెండు మూడుసార్లు అద్దు. ఉత్త ఐసు పెట్టొద్దు. పెదవి పగిలితే కాస్త నెయ్యి రాయి. ఆరో రోజు నుంచి పొద్దున, సాయంత్రం పది నిమిషాల చొప్పున ఊదు. మీట నొక్కకుండా పలికే కింది ‘స’, దాని మీది ‘ప’, ఈ రెండే. పక్కగదిలో పిల్లలు పడుకుంటే లేవనంత మెత్తగా, శ్వాస ఉన్నంతసేపు నిలబెట్టు. ఎంతసేపు ఊదావో అంతసేపు వాయిద్యం దించి కూర్చో. మెత్తగా ఊదడమే కష్టం తమ్ముడూ, పెదవికి పట్టు వచ్చేది కూడా దానివల్లే. రెండో వారం గడిచాక పై ‘స’. నాలుగో వారంలో పాటలు. ఏ రోజైనా పెదవి వణికితే అక్కడే ఆపెయ్యి, తెల్లారి తక్కువ ఊదు. పూత పోయి ఇత్తడి తేలిన మౌత్‌పీస్ అయితే వెండిపూత వేయించుకో, ఇంకొకరికి ఇవ్వకు.

ఒక్క జాగ్రత్త. మూడు వారాలకూ పట్టు రాకపోయినా, ఈల వేసేటట్టు మూతి ముడిస్తే పెదవిలో ఒకచోట గుంట కనబడినా, మొద్దుబారినా, ఊదేటప్పుడు మూతి తనంతట తాను ఒక పక్కకు పోయినా ఆలస్యం చేయకు. సూర్యాపేట ప్రభుత్వ జనరల్ ఆసుపత్రిలో చెవి, ముక్కు, గొంతు డాక్టరుకు చూపించు. వాయిద్యాన్ని వెంట తీసుకుపోయి చూపిస్తే ఆయనకు సంగతి తొందరగా అర్థమవుతుంది. కండరం చీలిందని అనుమానం వస్తే హైదరాబాద్ నిమ్స్‌కు రాసిమ్మని అడుగు. ఇది నీ ఒక్కడికే వచ్చింది కాదు. అమెరికాలో లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ అని మహా ట్రంపెట్ విద్వాంసుడు ఉండేవాడు. 1930లలో పెదవి దెబ్బతిని ఆయన నెలల తరబడి ఊదడం మానాల్సి వచ్చింది. తర్వాత కోలుకుని మళ్లీ ఏళ్ల తరబడి ఊదాడు, 1971లో పోయాడు. ట్రంపెట్ వాళ్ల పెదవి కండరం చీలడాన్ని వివరిస్తూ 1982లో ఒక ప్లాస్టిక్ సర్జన్ దానికి ఆర్మ్‌స్ట్రాంగ్ ముద్దుపేరే పెట్టాడు, సాచ్‌మో అని. ఇది సోమరితనమో, చేతకానితనమో కాదని మీ మేస్త్రీకి ఈ సంగతి చెప్పు.

మేస్త్రీతో ఇంకో మాట కూడా మాట్లాడు. మన గుళ్లో సన్నాయి చూడు, ఇద్దరు కూర్చుంటారు. ఒకరు విడిచినచోట ఇంకొకరు అందుకుంటారు, రాగం తెగదు. మీ సెట్టులో రెండు ట్రంపెట్లూ పాట మొదలు నుంచి చివరిదాకా కలిసి ఎందుకు ఊదాలి? పల్లవి నీది, చరణం అతనిది, మధ్య సంగీతం క్లారినెట్‌ది. పంచుకుంటే శ్రావణం చివరిదాకా ఇద్దరి పెదవులూ నిలుస్తాయి. తొలి రెండు బారాత్‌లకు నిన్ను సైడు డ్రమ్ము మీద పెట్టమను. ఆ రెండు రోజుల కూలి తగ్గితే తగ్గనీ, దాచుకున్నది పెదవి.

ఇక ఇది చదివే పెళ్లిళ్లవాళ్లకు. వచ్చే శ్రావణంలో మీ ఇంటి బారాత్‌కు మేళం పిలిచినప్పుడు, వాళ్లు ఊదుతున్నంతసేపు డీజే ఆపించండి. అరగంటకోసారి పది నిమిషాలు ఆగమని మీరే చెప్పండి. అంతకన్నా ముందు ఊదేవాళ్లకు ఒక బిందెడు నీళ్లు ఇప్పించండి.

– మీ అన్న