చతురస్రశుద్ధి – శంకువు, రజ్జువు

ఆలయమున ప్రవేశించు భక్తుడు గోపురమును, ధ్వజస్తంభమును దర్శించి నమస్కరించును. ఆ కట్టడమునకు మొదట నిలిపిన మూల అతని కంటికి కనబడదు. ఆ మూల వంకరయైనచో పై వరుసలన్నియు వంకరయే యగును. కావుననే మన పెద్దలు నిర్మాణారంభమున దిఙ్నిర్ణయమునకును, చతురస్రసాధనమునకును అంతటి ప్రాధాన్యము నిచ్చిరి.

కొన్ని సంవత్సరముల క్రిందట మా గ్రామమున యాగశాలకు వేదిక కట్టవలసి వచ్చినది. శుల్బసూత్రములను పాఠశాలలో వల్లించినవాడ నగుటచే కొలతలు నేనే చెప్పితిని. నాలుగు ప్రక్కలును 12 మూరల చొప్పున సమముగా నుండుట చూచి చతురస్రము సిద్ధించినదని తలంచితిని. ఇటుకలు పరచునపుడు ఒక మూల వరుస కుదరలేదు. వృద్ధుడైన మేస్త్రి, "అయ్యవారూ! ప్రక్కలు సరే, ఐమూలగా త్రాడు పట్టి చూచినారా?" అని అడిగెను. పట్టి చూడగా ఒక కర్ణము రెండవదానికంటె జానెడు అధికముగా నున్నది. సూత్రము నా కంఠమున నున్నది గాని చేతిలోనికి రాలేదు! కట్టిన వరుసలు తీయించి మరల త్రాడు పట్టించితిని.

నాలుగు సమమైన కఱ్ఱలతో కట్టిన చట్రమును ప్రక్కకు నెట్టినచో భుజములు మారవు, కోణములు మాత్రము మారును. కావున భుజసామ్యముతోపాటు కర్ణసామ్యము కూడ నుండవలెను. రెండును కుదిరిననే చతురస్రము.

ఇక విధానము. కాత్యాయనుడు చెప్పినట్లు సమతలమున శంకువును నాటి, దాని చుట్టును వృత్తము గీయవలెను. ఉదయమున, అపరాహ్ణమున ఛాయాగ్రము వృత్తమును తాకిన రెండు బిందువులను కలిపిన రేఖ తూర్పు పడమరలను తెలుపును.

ఆ రేఖపై 4 మూరల దూరమున రెండు మేకులు నాటవలెను. 8 మూరల సాగని త్రాటి కొనలను వానికి తగిలించి, పడమటి కొననుండి 3 మూరల కడ గుర్తు పెట్టి, ఆ గుర్తును పట్టుకొని ఒక ప్రక్కకు బిగువుగా లాగవలెను. త్రాడు 3, 5 మూరలుగా విడివడి, పడమటి మేకు కడ సరియైన మూల ఏర్పడును. గుర్తును రెండవ ప్రక్కకు లాగినచో అచ్చటను అట్టి మూలయే వచ్చును.

సోమయాగమునందలి మహావేదికి ఆపస్తంబుడు చెప్పినదియు ఈ మార్గమే. వేది పొడవు 36. దానికి 18 చేర్చిన 54 ప్రమాణముల త్రాటికి 15 కడ గుర్తు. మిగిలిన 39 కర్ణమగును. 15 వర్గము 225, 36 వర్గము 1296. రెండును కలిసి 1521, అది 39 వర్గమే. తెలుగునాట ఎన్నో కుటుంబములవారు అభివాదనమున నిత్యము ఆపస్తంబసూత్రమును పేర్కొందురు. ఆ సూత్రకారుడు త్రాడు పట్టుటను కూడ నేర్పెనని వారి బిడ్డలకు తెలియవలదా?

ఇంట తులసికోటకు అరుగు కట్టించునపుడైనను గృహస్థులు పిల్లలను పిలిచి, రెండు మేకులు నాటించి, ఈ త్రాడు పట్టించవలెను. మేస్త్రి చేతి మూలమట్టముతో ఆ మూలను సరిచూడనిండు. గ్రంథమును, హస్తమును ఏకమైనపుడే విద్య సఫలమగును. అట్టి ఋజుత్వము మన కట్టడములందును, మనస్సులందును నిలుచునట్లు శ్రీమన్నారాయణుడు అనుగ్రహించుగాక!