తెరపై తెలుగు పుట

పరీక్షా ఫలితములనైనను వార్తలనైనను మనము నేడు ఫోను తెరపై తెలుగుననే చదువుకొనుచున్నాము. ఈ వెబ్బు పుటలు పుట్టినది మొదలు ఇట్లే యుండెనని తలంపరాదు. వానికిని బాల్యము, వేషములు, తప్పటడుగులు గలవు.

జెనీవా పట్టణము చెంతనున్న సెర్న్ పరిశోధనాలయమున టిమ్ బెర్నర్స్-లీ యను నాంగ్లేయుడు 1989లో వెబ్బును ప్రతిపాదించెను. 1991లో నది లోకమునకు దెలియవచ్చెను. ఆనాటి పుట మిక్కిలి నిరాడంబరము. అక్షరముల వరుసలు, నడుమ నడుమ వేరొక పుటకు దారి చూపు లంకెలు, అంతియే. 1993లో మొజాయిక్ అను సాధనము వచ్చి అక్షరముల సరసనే చిత్రములను జూపెను. పిమ్మట పట్టికలతో పుటను గడులుగా విభజించి, ఒక గడిలో వార్తను, వేరొక గడిలో బొమ్మను నిలుపుట వాడుకయ్యెను. లెక్కలు వ్రాయుటకు బుట్టిన పట్టికతో నిల్లు కట్టుట యన్నమాట! 1996 డిసెంబరున సి.యస్.యస్. అను శైలినియమావళి వెలువడి, విషయమును వేరుగను దాని యలంకారమును వేరుగను వ్రాయుటకు వీలు గలిగించెను. ఫ్లాష్ అను కదలుబొమ్మల విద్య కొన్నాళ్లు వెలిగి, 2020 సంవత్సరాంతముతో ముగిసెను.

ఇంతవరకు లోకమున కెల్ల సమానమైన చరిత్ర. తెలుగువారికి వేరొక చిక్కు గలిగెను.

ఆంగ్లమున నక్షరములు ఒకదాని ప్రక్క నొకటి నిలిచిన జాలును. మనకట్లు గాదు. ‘స్త్రీ’ యను నొక్క యక్షరమును జూడుడు. సకారము, తకారము, రేఫము, ఈకారము, నడుమ రెండు పొల్లులు: యంత్రమున నివి యారు సంకేతములు. ఆ యారును గలిసి, గుడిదీర్ఘము పైకిని ఒత్తులు క్రిందికిని జేరి, ఒక్క రూపము గావలెను. ఈ విద్య నాటి యంత్రములకు రాదు. కావున కొందరు వ్రాతనంతయు చిత్రముగా జేసి పుటకంటించిరి. అది కంటికింపుగానే యుండెను గాని, అందొక మాటను వెదకుటకు వీలు లేదు. దినపత్రికలు వేరొక యుపాయము పన్నెను. ఆంగ్లాక్షరముల స్థానములలో తలకట్లు, గుడులు, ఒత్తుల తునుకలను నిలిపి సొంత ఫాంటులను జేయించుకొనెను. నాడు ఈనాడు పుటకు ఈనాడు ఫాంటే వలసియుండెను. అది లేని యంత్రమున వార్త యర్థములేని గుర్తుల గుంపై కనబడెడిది. అట్లు దాచిన వ్రాతలు ఫాంటు మరుగుపడిన నాడు చదువరాకపోవుననుట స్పష్టమే గదా! అట్టివానిని మార్చి చదివించుటకు పద్మ యను నుచిత సాధనము పుట్టవలసి వచ్చెను.

యూనికోడ్ అను సంకేతావళి 1991 నాటి మొదటి కూర్పుననే తెలుగునకు స్థానమిచ్చినది. ఐనను ఆ స్థానము సామాన్యుని కంటబడుటకు బదియేండ్లు పట్టెను. 2001లో విండోస్ ఎక్స్.పి.తో గౌతమి ఫాంటు వచ్చెను. తిరుమల కృష్ణ దేశికాచార్యులవారు పోతన ఫాంటును ఉచితముగ నొసగిరి. 2003 డిసెంబరున తెలుగు వికీపీడియా మొదలయ్యెను. నా తలంపున, తెలుగు పుటకు జరిగిన మార్పులలో నన్నింటికంటె గొప్పది రంగులది గాదు, ఈ సంకేతములదే.

తెర చిన్నదై జేబులోనికి వచ్చిన పిదప, తెర వెడల్పును బట్టి తానే సర్దుకొను పుటల పద్ధతిని ఈథన్ మార్కాట్ 2010లో వివరించెను. ఇచ్చటను తెలుగునకు శ్రద్ధ వేరుగా గావలయును. ఆంగ్లమునకు దగినంత పంక్తి యెడము మన కిచ్చినచో, పై పంక్తి యొత్తులు క్రింది పంక్తి గుడులకు దగులును.

మన యాదిలాబాదు సీమలో నీ కథ యింకను నడుచుచున్నది. నార్నూరు మండలము గుంజాల గ్రామమున గోండీ భాషకు సొంత లిపిలో వ్రాసిన పాత ప్రతులు బయల్పడినవి. ఆ లిపికి 2018 జూనులో, యూనికోడ్ 11వ కూర్పున, ‘గుంజాల గోండీ’ యను పేరనే స్థానము లభించెను. ఒక పల్లె పేరు ప్రపంచపు సంకేతావళి కెక్కినది! నోటో అను నుచిత ఫాంటుల వరుసలో దానికిని ఫాంటు గలదు. తెలుగు నడచిన త్రోవలో చిత్రపు టక్షరములు, సొంత ఫాంటులు అను రెండు మజిలీలను ఆ లిపి దాటి వచ్చినది. ఇక దానికి గావలసినవి పాఠముల పుటలు.